కొండ మీద గోల్ఫ్: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో నేను గోల్ఫ్ నేర్పే పిల్లలు చదును నేల మీద చక్కగా కొడతారు. వాళ్లనే విశాఖలో ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ కోర్సుకు (గోల్ఫ్ మైదానానికి) తీసుకెళ్తే, రెండు మూడు హోల్స్ (ఒక్కో గుంతలో బంతి వేసే దాకా సాగే ఆట భాగాలు) దాటేసరికి ముఖాలు వాడిపోతాయి. వాళ్లకు ఆట రాక కాదు. వాలు గురించి ఎవరెవరో చెప్పిన మాటలు నమ్మడం వల్ల. అందుకే ఇది రాస్తున్నాను. కుడి, ఎడమ అని చెప్పినవన్నీ కుడిచేతి వాటం వారికి. ఎడమచేతి వాటం వారు తిరగేసుకోవాలి.

అపోహ: కొండ కోర్సుకు కండబలం కావాలి.

వాస్తవం: బలం అనగానే మనకు వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారు గుర్తొస్తారు. అయితే 46 గ్రాములు కూడా తూగని బంతిని ఏటవాలులో కొట్టడానికి కావలసింది నిలకడ. వాలు మీద ఉన్న బలమంతా పెట్టి ఊపితే ముందుగా జారేది పాదం. ఎత్తుకు కొట్టేటప్పుడు ఇంకాస్త ఎక్కువ దూరం పంపే క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) తీసుకుని, ముప్పావు ఊపుతో సరిపెట్టండి.

అపోహ: వాలు ఎలా ఉన్నా ఒళ్లు నిటారుగా ఉంచాలి.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఇదే. రామతీర్థం కొండ మెట్లు దిగేటప్పుడు మన ఒళ్లు తనంతట తానే వెనక్కి వాలుతుంది. పడకుండా కాపాడే ఆ అలవాటే దిగుడు వాలులో షాట్‌ను పాడుచేస్తుంది. బరువు వెనక కాలి మీద ఉండిపోతే క్లబ్బు బంతికంటే ముందు నేలను తాకుతుంది. భుజాలు వాలుకు సమాంతరంగా ఉండాలి, బరువు కింది కాలి మీదకు రావాలి, క్లబ్బు వాలు వెంటే కిందికి సాగాలి. బంతి తక్కువ ఎత్తులో వెళ్లి ఎక్కువ దూరం దొర్లుతుంది, కాస్త కుడికి పోతుంది. ఎగుడు వాలులో ఇదంతా తారుమారు: బంతి పైకి లేస్తుంది, దూరం తగ్గుతుంది, ఎడమకు మొగ్గుతుంది.

బంతి పాదాలకంటే ఎత్తులో ఉంటే సంగతి వేరు. అప్పుడు క్లబ్బు కొస పైకి లేచి, దాని ముఖం ఎడమకు తిరుగుతుంది. చేతిలో వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపి దగ్గరలో దించే క్లబ్బు) ఉంటే ఈ తేడా మరింత ఎక్కువ. పట్టు కాస్త కిందికి జరిపి, గురి కుడికి పెట్టుకోండి. బంతి పాదాలకంటే కింద ఉంటే మోకాళ్లు బాగా వంచి, షాట్ పూర్తయ్యే దాకా ఆ వంపు వదలకండి. అక్కడ బంతి కుడికి పోతుంది.

అపోహ: గ్రీన్ (గుంత ఉండే నున్నటి పచ్చిక) మనకంటే దిగువన ఉంటే ఏ షాట్‌కైనా ఒక క్లబ్బు తగ్గిస్తే, అంటే తక్కువ దూరం పంపేది తీసుకుంటే చాలు.

వాస్తవం: బంతి ఏ కోణంలో దిగుతుందన్నదే లెక్క. 45 డిగ్రీల కోణంలో దిగే బంతికి గ్రీన్ 10 మీటర్లు కింద ఉంటే దాదాపు 10 మీటర్ల దూరం కలిసి వస్తుంది. డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బుతో) కొట్టిన బంతి అంతకంటే తక్కువ కోణంలో దిగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కలుస్తుంది. ఇంకా నిటారుగా దిగే వెడ్జ్ షాట్‌కు తక్కువ. పైగా బంతి గాలిలో ఎక్కువ సేపు ఉండటం వల్ల పక్కగాలి దాన్ని ఇంకా దూరం నెడుతుంది. ఎత్తైన టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడినప్పుడు కింది దృశ్యం చూసి గట్టిగా కొట్టాలనిపిస్తుంది. నేను మాత్రం అక్కడ చిన్న క్లబ్బే తీయిస్తాను.

అపోహ: సముద్రపు తేమగాలి బరువు, అందుకే బంతి సాగదు.

వాస్తవం: నీటి ఆవిరి పొడిగాలికంటే తేలిక. బంతి దూరంలో దాని వల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు. దూరం తగ్గించేది తడి నేల. పట్టు జారకుండా చేతికి తువ్వాలు ఉంచుకోండి.

అపోహ: గ్రీన్ మీద బంతి ఎప్పుడూ సముద్రం వైపే తిరుగుతుంది.

వాస్తవం: చుట్టూ ఉన్న కొండ కంటిని మోసం చేస్తుంది. గ్రీన్‌ను నీరు నిలవకుండా కడతారు కాబట్టి, వాన పడితే నీరు ఎటు పోతుందో ఊహించండి. పొలంలో మడికి నీరు పెట్టిన పిల్లలకు ఈ చూపు ముందే ఉంటుంది. ఒక అమ్మాయికి వాలు చదవడం నేర్పుతూ, ‘బిందెడు నీళ్లు ఇక్కడ పోస్తే ఏ గట్టు తెంచుకుంటాయమ్మా?’ అని అడిగాను. గ్రీన్ చుట్టూ ఒకసారి నడిచి, ఎడమ పక్క అంచును వేలితో చూపించింది. కొండ కుడి పక్కకు దిగుతున్నట్లే కనిపిస్తోంది, అయినా ఆమె చెప్పిందే నిజమైంది. ఇంకొక సంగతి: పల్లానికి పట్ చేస్తే (గ్రీన్ మీద బంతిని గుంత వైపు దొర్లిస్తే) మెల్లగా కొట్టాలి, మెల్లగా దొర్లే బంతి ఎక్కువ వంకర తిరుగుతుంది. అందుకే హోల్‌కు దిగువన బంతిని ఆపడం తెలివైన పని.

గ్రీన్ కనిపించని హోల్‌లో ముందు వెళ్లినవారు తప్పుకొని ఉంటారని అనుకోవడం అపోహ కూడా కాదు, ప్రమాదం. క్యాడీ (క్లబ్బులు మోసే సహాయకుడు) చేయి ఊపే దాకా క్లబ్బు ఎత్తకండి.

అపోహ: వాలు మరీ ఎక్కువగా ఉంటే పాదం కింద రాయి పెట్టుకోవచ్చు.

వాస్తవం: కూడదు. నిలబడే చోటును కట్టుకోవడాన్ని నియమాలు ఒప్పుకోవు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) రెండు స్ట్రోకుల శిక్ష పడుతుంది. ఇసుకలో, వదులు మట్టిలో పాదాలను ఒక మేరకు దిగేసుకోవచ్చు, అంతే. పోటీలో ఎత్తు తేడా కొలిచే పరికరాలకూ అనుమతి లేదు. నా శిష్యుడొకడు ఇది తెలియక పలకరాయి సర్దుకుని రెండు స్ట్రోకులు పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. అంతకుముందే చెప్పనందుకు తప్పు నాది. ఇప్పుడు వాడు మా ఊరి చెరువు గట్టు వాలు మీద రోజూ పది నిమిషాలు బంతి లేకుండా క్లబ్బు ఊపుతాడు, పాదం ఒక్క అంగుళం కదిలినా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటాడు.