పని మీదున్న డేటాబేస్‌ను ఆపేముందు

బిడ్డలారా,

2023లో నల్లగొండలో, పాలమూరు పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్లు తెరిచినంక మన పిల్లలు కొందరు ఇంటికాడ బువ్వ తిని డ్యూటీకి పోయి వస్తున్నరు. అందులో కొందరు డేటాబేస్ పనికి కుదిరిన్రని తెలిసి సంబురపడ్డ. ఇన్‌స్టాల్ చేసుడు, బ్యాకప్ తీసుడు ఎవరో ఒకరు నేర్పుతరు. పని మీదున్న డేటాబేస్‌ను ఆపుడు ఎట్లనో మాత్రం ఎవ్వరూ కూసోబెట్టి చెప్పరు. ఆ అవసరమేమో అర్ధరాత్రి, పక్కన పెద్దోళ్లు లేనప్పుడే వస్తది. అందుకే రాస్తున్న.

మిర్యాలగూడలో రైస్ మిల్లు చూసే ఉంటరు. మిల్లు బంద్ చేసేటప్పుడు ఆపరేటర్ ముందుగాల స్విచ్ జోలికి పోడు. వడ్లు పోసుడు ఆపిస్తడు. లోపలున్న గింజ మొత్తం బయటికి వచ్చేదాక మిషన్లను తిరగనిస్తడు. మోటర్ ఆపేది ఆ తర్వాతనే. డేటాబేస్‌కు కూడా ఇదే వరుస.

అంటే ముందు డేటాబేస్‌కు పని పంపే అప్లికేషన్ సర్వర్లను ఆపాలె. అవి నడుస్తుంటే మీరు ఒక సెషన్‌ను, అంటే లోపలికొచ్చిన ఒక కనెక్షన్‌ను, తీసేసిన మరుక్షణమే కనెక్షన్లను తయారుగ ఉంచే కనెక్షన్ పూల్ ఇంకోటి తెరుస్తది, తెల్లారేదాక ఆ పనే అయితది. టైంకు వాటంతట అవే నడిచే క్రాన్ జాబులు, రాత్రి నడిచే రిపోర్టులు, సగంలో ఉన్న బ్యాకప్ చూసుకోవాలె. ఓరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, కొత్తోళ్లను లోపలికి తీసుకునే లిజనర్‌ను ఆపితే కొత్త కనెక్షన్లు రావు, లోపలున్నోళ్ల పని మాత్రం సాగుతనే ఉంటది. ఇక ఏ టైంకు ఆపాలెననేది మనం ఒక్కరం అనుకునేది కాదు, దాన్ని వాడేటోళ్లను అడగాలె. వడ్ల కొనుగోళ్లు జోరు మీదున్నప్పుడు ఐకేపీ సెంటర్ల లెక్కలు ఎక్కే డేటాబేస్‌ను పట్టపగలు ఆపితే, కాంటా కాడ నిలబడేది రైతే.

తర్వాత, లోపల ఎవరు ఏ పని మీద ఉన్నరో చూడాలె. ఓరాకిల్‌లో వీ డాలర్ ట్రాన్సాక్షన్, పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ అనే పట్టికలు ఆ సంగతి చెప్తయి. ఓరాకిల్‌లో ఎవరో మూడు గంటల నుంచి లక్షల వరుసలు అప్‌డేట్ చేస్తున్నరనుకోండి. దాన్ని మధ్యలో తెంపితే చేసిందంతా వెనక్కి తిప్పాలె, ఆ రోల్‌బ్యాక్‌కు అంతే టైం పట్టొచ్చు, ఎక్కువ కూడా పట్టొచ్చు. ఆ మనిషికి ఫోన్ చేసి "ఎంత మిగిలింది?" అని అడుగుడు ఏ కమాండ్ కన్నా పెద్ద సాయం.

ఇప్పుడు కమాండ్ సంగతి. ఓరాకిల్‌లో ఉత్త షట్‌డౌన్ అంటే నార్మల్ అన్నట్టు. అందరూ వాళ్లంతట వాళ్లు బయటికి పోయేదాక ఎదురు చూస్తది, గంటైనా పోకుంటే ఓఆర్ఏ 01013 అనే ఎర్రర్ చూపించి ఆపే ప్రయత్నం మానుకుంటది. ట్రాన్సాక్షనల్ అయితే నడుస్తున్న ట్రాన్సాక్షన్లు, అంటే మొదలుపెట్టి ఇంకా ఖాయం చేయని మార్పులు, ముగిసేదాక ఆగుతది. ఇమ్మీడియట్ వాటిని రోల్‌బ్యాక్ చేసి, అందరినీ పంపి, శుభ్రంగ మూస్తది. బిజీ డేటాబేస్‌కు నేను చెప్పేది ఇదే. అబార్ట్ ఏదీ చూడకుండ ఇన్‌స్టెన్స్‌ను, అంటే నడుస్తున్న డేటాబేస్ ప్రోగ్రాంను, పడేస్తది. కమిట్ అయిన, అంటే ఖాయం చేసిన డేటా మార్పులు రాసుకునే రీడూ లాగ్‌లో ఉంటది కాబట్టి పోదు, కానీ మళ్లీ లేపినప్పుడు ఆ లాగ్ చూసి సరిచేసుకునే రికవరీ జరగాలె.

ఇక్కడ బాగా గుర్తు పెట్టుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో కూడా ఇమ్మీడియట్ ఉంది, అది ఓరాకిల్ ఇమ్మీడియట్ కాదు. మెమరీలున్న మార్పులను డిస్క్ మీదికి రాసే చెక్‌పాయింట్ చేయకుండనే పడేస్తది, అంటే ఓరాకిల్ అబార్ట్‌కు జోడు. పోస్ట్‌గ్రెస్‌లో మీకు కావాల్సింది ఫాస్ట్, అది నడిచే పనులను తెంపి శుభ్రంగ మూస్తది. 9.5 వెర్షన్ నుంచి డిఫాల్ట్ కూడా అదే, అంతకు ముందు అందరూ పోయేదాక ఆగే స్మార్ట్ ఉండేది. ఒకదాంట్లో చేయి తిరిగినోళ్లు రెండోదాంట్ల పొరపడేది ఇక్కడనే.

కమాండ్ కొట్టినంక స్క్రీన్ కదలదు. అప్పుడే భయమైతది, ఫోన్లు మోగుతయి, "కిల్ మైనస్ 9 కొట్టు", అంటే ప్రాసెస్‌ను బలవంతంగ చంపు, అనేటోళ్లు పక్కనే ఉంటరు. కొట్టకండి. అది దేని కోసం ఆగిందో ముందు కనుక్కోండి. ఓరాకిల్‌లో అయితే ఏం జరుగుతుందో రాసుకునే అలర్ట్ లాగ్ తెరవండి, ఎక్కువసార్లు అది రోల్‌బ్యాక్ చేస్తుంటది. మధ్యలో చంపినా ఆ పని మాయం కాదు, లేపినంక మళ్లీ చేయాల్సిందే. పోస్ట్‌గ్రెస్‌లో అట్ల వెనక్కి తిప్పే పని ఉండదు. అక్కడ టైం తినేది చివరి చెక్‌పాయింట్, లేకుంటే రెప్లికాకు, అంటే నకలు డేటాబేస్‌కు, ఇంకా చేరని వాల్ రికార్డులు (మార్పుల లాగ్). అందుకే ఆపేముందు మనమే ఒక చెక్‌పాయింట్ కొడితే, ఆపేటప్పుడు రాయాల్సింది కొంచెమే మిగులుతది. పోస్ట్‌గ్రెస్ పెద్ద ప్రాసెస్‌ను మైనస్ 9తో చంపి, అది నడుస్తుందని గుర్తుగ ఉండే పిడ్ ఫైల్ చెరిపేసి, మళ్లీ లేపుడు అన్నిటికన్నా ప్రమాదం. పాత ప్రాసెస్ ఒక్కటి బతికున్నా, అవే ఫైళ్ల మీద పాతదీ కొత్తదీ కలిసి రాసి డేటా చెడిపోతది.

మీరు కొట్టకున్నా మీ తరఫున కొట్టేటివి ఉన్నయి. సర్వీస్ ఫైల్‌లో వేరే రాయకుంటే, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మామూలుగ 90 సెకండ్లు చూసి చంపేస్తది. కంటైనర్లను నడిపే డాకర్‌లో స్టాప్ కమాండ్ అయితే 10 సెకండ్లే. పెద్ద డేటాబేస్‌కు అవి ఏ మూలకూ చాలవు. ఆ గడువు ఎంతుందో ఈ రోజే చూసి పెంచుకోండి, ఆపే రాత్రి కాదు.

ఆగినంక కూడా నమ్మకంతోటి వదిలెయ్యకండి. ప్రాసెస్‌లు నిజంగ పోయినయా, లాగ్ చివర్ల శుభ్రంగ మూసినట్టు రాసి ఉందా చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ కంట్రోల్ డేటా అనే కమాండ్ నడిపితే స్థితి షట్ డౌన్ అని చూపాలె. అప్పుడే ఫైళ్ల కాపీ తీసుకోండి. ఓరాకిల్‌ను అబార్ట్‌తోటి ఆపాల్సి వస్తే మాత్రం అప్పుడు కోల్డ్ బ్యాకప్, అంటే డేటాబేస్ ఆగినంక తీసే ఫైళ్ల కాపీ, తీయొద్దు. ఒకసారి లేపి, రికవరీ కానిచ్చి, ఇమ్మీడియట్‌తోటి మళ్లీ మూసినంకనే తీయాలె.

మీ పెద్దనాయన,
మిర్యాలగూడ