బంగారు పురుగు కావాలి, దాని పిల్ల వద్దంటే ఎలా? (అపోహలు - వాస్తవాలు)

వానలు మొదలయ్యాక తిరుపతి మిద్దె తోటల వాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇవే. "సార్, గెనుసుగడ్డ ఆకుల మీద నల్లగా మురికి అంటుకుంది, కదులుతోంది కూడా. ఏ మందు కొట్టాలి?" అంతకుముందు బంగారు రంగు పురుగులు తోటలోకి రావాలంటే ఏం చేయాలని అడిగిందీ వీళ్లే.

అపోహ: ఆ మురికి ఏదో తెగులు.

వాస్తవం: అది మీరు కోరుకున్న బంగారు పురుగు, అంటే తాబేలు పురుగు పిల్లే. దగ్గరగా చూడండి. బల్లపరుపు ఒళ్లు, అంచుల చుట్టూ ముళ్లు. విడిచిన కుబుసాన్నీ, రెట్టనూ తోక మీద మోస్తుంటుంది. పుల్లతో తాకితే ఆ మూటను గొడుగులా వీపు మీదికి ఎత్తుతుంది. చీమల నుంచి కాపాడుకోవడానికే ఆ ఏర్పాటు. వీటిని చంపేశాక బంగారు పురుగులు ఎక్కడినుంచి వస్తాయి?

"వేపనూనే కదా సార్, సేంద్రియమే కదా" అంటారు. వేపలోని అజాడిరాక్టిన్ ఆకు తినే పురుగు చేత తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనీయదు. మీరు రమ్మంటున్నది ఆకు తినే పురుగునే. దయచేసి ఆ ఒక్క కుండీని వదిలేయండి. రసాయన మందుల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ ఆకులు, గడ్డలు తినేది మీ పిల్లలే.

ఆకులకు చిల్లులు పడితే గుండె గుబేలుమంటుంది, నిజమే. పాకాల దగ్గర ఒక అవ్వ "పైరు పోయింది సామీ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మట్టి తవ్వి చూపించాను, గడ్డలు చక్కగా ఊరుతున్నాయి. ముదిరిన తీగ కొన్ని చిల్లులను తట్టుకుంటుంది. ఆమె మనవడు ఒక పురుగును సీసాలో దాచుకున్నాడు. అది చచ్చాక బంగారు మెరుపు పోయి, గోధుమరంగు పెంకు మిగిలింది. ఆ మెరుపు పెంకు పొరల్లోని తేమ వల్ల వస్తుంది, ప్రాణం పోతే నిలవదు. దాచుకుంటే కలిసొస్తుందనే మాట నమ్మకండి.

పూలమొక్కలు, లైట్లు, బెల్లం నీళ్లు పెట్టినా ఇవి రావు. తినే ఆకు ఉండాలి, అంతే. మూడు నాలుగు కణుపులున్న గెనుసుగడ్డ తీగ ముక్కలు నాటండి. చెరువు గట్ల తూటికాడ మీదా ఇవి ఉంటాయి గానీ, ఆ మొక్కను మాత్రం ఇంటికి తేకండి, అల్లుకుపోతుంది.

కుడతాయా? కుట్టవు. కానీ మందార, బెండ పూల మీద నలుపు, నారింజ పట్టీలతో కనిపించేది వేరే పురుగు. దాన్ని నలిపితే చర్మం బొబ్బలెక్కుతుంది, పిల్లలను ముట్టనివ్వకండి. గుమ్మడి, దోస మొలకలను కొరికే నారింజ పెంకు పురుగునూ పిలవాల్సిన పనిలేదు. లేత మొలకల మీద దోమతెర కప్పండి.

మెరిసే పెంకు పురుగులైన జీరంగులు కుండీల్లోకి రావాలంటే కుదరదు. అవి తుమ్మ ఆకు తింటాయి, వాటి పిల్లపురుగులు మట్టిలో వేర్ల మీద పెరుగుతాయి. తుమ్మలున్న బీడుకు వానల తర్వాత మీ పిల్లలను తీసుకెళ్లి చూపించండి, పట్టుకురాకండి.