పాత గని తెరవాలంటే ముందు గబ్బిలాల లెక్క తేలాలి

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో మార్బుల్ బార్ అని ఒక చిన్న ఊరుంది. 1923 అక్టోబరు చివరి నుంచి 1924 ఏప్రిల్ దాకా, వరసగా 160 రోజులు అక్కడ ఎండ 37.8 డిగ్రీల సెల్సియస్ తాకడమో దాటడమో జరిగింది. అంత మాడిపోయే నేల మీద పది గ్రాములకు అటూ ఇటూ తూగే ఆకుముక్కు గబ్బిలం ఒకటి బతుకుతోంది. నారింజ, బంగారు రంగులు కలిసిన బొచ్చు దానిది. ఒంట్లో నీరు చాలా త్వరగా ఆవిరైపోయే జీవి కావడంతో, పగలంతా 28 నుంచి 32 డిగ్రీల వేడి, గోడలు చెమర్చేంత తేమ ఉన్న చోటే తలదాచుకోవాలి. అలాంటి గుహలు ఆ ప్రాంతంలో అరుదు. దానికి దొరికిన ఆసరా, 19వ శతాబ్దం చివర్లో బంగారం కోసం వచ్చినవాళ్ళు లోతుగా తవ్వి వదిలేసి వెళ్ళిన సొరంగాలు.

ఘోస్ట్ బ్యాట్ అనే ఇంకో పెద్ద గబ్బిలం ఉండేదీ ఆ సొరంగాల్లోనే. రెక్కలు చాపితే రెండడుగులు. ఎలుకల్నీ, పిట్టల్నీ, కప్పల్నీ వేటాడి తింటుంది. మన పాత గుళ్ళలో, పాడుబడ్డ కోటల్లో ఉండి కప్పల్నీ బల్లుల్నీ తినే పెద్ద చెవుల గబ్బిలానిదీ దీనిదీ ఒకే కుటుంబం. ఆడది ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది, కాబట్టి ఒక గుంపు దెబ్బతింటే మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

బంగారం ధర పెరిగేసరికి ఆ పాత గనుల మీద మళ్ళీ కంపెనీల కన్ను పడింది. మార్బుల్ బార్ దగ్గరి వరావూనా గోల్డ్ ప్రాజెక్టు అలా మొదలైందే. క్లాండైక్ క్వీన్ అనే పాత గని ఆ పరిధిలోనే ఉంది, ఈ రెండు రకాల గబ్బిలాలూ అందులో ఉన్నాయి. దాంతో అక్కడి పర్యావరణ సంస్థ అనుమతి ఇచ్చే ముందు పరిశీలించిన ముఖ్యమైన అంశాల్లో గబ్బిలాలు కూడా చేరాయి.

ఆ సొరంగం జోలికి పోకుండా పక్కన తవ్వుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. గని లోపలి వేడి, తేమ అన్నీ గాలి కదలిక మీద ఆధారపడి ఉంటాయి. పైన ఒక కన్నం, కింద ఒక కన్నం ఉంటే పొయ్యి గొట్టంలో పొగ లేచినట్టు గాలి లోపల తిరుగుతుంది. ఒక కన్నం మూసేసినా, కొత్త గుంత తవ్వుతూ పాత సొరంగానికి పొరపాటున బెజ్జం పెట్టినా లోపలి వాతావరణం మారిపోతుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఆ గని గబ్బిలాలకు పనికిరాకుండా పోతుంది. ఇంకా పేలుళ్ళ అదురు ఉంది, రాత్రి లైట్లు ఉన్నాయి, అన్నిటికీ మించి ముళ్ళకంచె ఉంది. నేలకు దగ్గరగా ఎగిరే ఘోస్ట్ బ్యాట్ రెక్కల పొర ఆ ముళ్ళకు చిక్కుకుని చిరిగిపోతుంది, అలా వేలాడుతూనే చచ్చిపోతుంది. మామూలు తీగ కడితే ఈ చావులు ఉండవు. ఇంత తేలిక పని కూడా చేయకపోతే దానికి సాకు లేదు.

పాత సొరంగాన్నే తవ్వేయక తప్పదనుకుంటే గబ్బిలాలను ముందే బయటికి పంపాలి. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఇందుకు కోళ్ళకు కట్టే అంగుళం కన్నాల జాలీ వాడతారు. సాయంత్రం గని మూతికి జాలీ వేలాడదీస్తే లోపలున్నవి ఎలాగో దూరి బయటపడతాయి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం దూరడానికి ఇష్టపడవు. కొన్ని రాత్రులు అలా ఉంచి, లోపల ఏమీ మిగల్లేదని చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. అయితే ఎగరలేని పిల్లలున్న రోజుల్లో ఈ పని చేస్తే తల్లులు బయట, పిల్లలు లోపల ఉండిపోయి ఆకలితో చస్తాయి. చలి దేశాల్లో నిద్రాకాలంలో లేపితే, వసంతం దాకా దాచుకున్న కొవ్వు మధ్యలోనే ఖర్చయిపోతుంది. వెళ్ళగొట్టినవి ఎక్కడికి పోతాయో కూడా ముందే చూసి ఉంచాలి, పక్కన ఉన్న ఇంకో పాత గనికి వాటి కోసం అడ్డకమ్మీల గేటు పెట్టి కాపాడాలి. అమెరికాలోని మిషిగన్‌లో ఐరన్ మౌంటెన్ ఊళ్ళో మిల్లీ అనే ఇనుప గని షాఫ్టును (నిలువు బావిని) మూసేయబోతూ, లోపల వేలల్లో గబ్బిలాలున్నాయని తెలిసి పైన ఇనుప పంజరం కట్టి వదిలారు. మనుషులు పడిపోరు, గబ్బిలాలు వచ్చిపోతాయి.

ఈ మాటలు మనకెందుకంటే, 2001లో మూతపడ్డ చిత్తూరు జిల్లా చిగురుకుంట–బిసనత్తం బంగారు గనిని మళ్ళీ తెరిచే ప్రయత్నం నడుస్తోంది. సరిహద్దు అవతల కోలారు జిల్లా హనుమనహళ్ళి దగ్గర ఒకే ఒక్క గుహలో, ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని కోలారు ఆకుముక్కు గబ్బిలం చివరి గుంపు మిగిలి ఉంది. గ్రానైటు తవ్వకాలు దాన్ని అంచుదాకా తెచ్చాయి. మన దేశంలో గనుల పర్యావరణ నివేదికకు మామూలుగా ఒక్క సీజన్ వివరాలు చాలంటారు, అదీ వానాకాలం వదిలేసి. గబ్బిలాలు మాత్రం ఒక కాలంలో ఒక సొరంగంలో ఉంటాయి, పిల్లల్ని కనేది ఇంకో దాంట్లో. మార్చిలో ఖాళీగా కనిపించిన గని జులైలో నిండుగా ఉండొచ్చు. కాబట్టి ఏడాది పొడవునా, వానల్లో సైతం, పొద్దుగుంకే వేళ ప్రతి పాత గని మూతి దగ్గరా ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టి లెక్కించాలి. గని ఖర్చులో ఇదెంత? ఆ లెక్క నివేదికలో ఉందా అని ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఊరివాళ్ళు నిలదీసి అడగొచ్చు, ఆ హక్కు వాళ్ళకుంది.