పడవ కింద కర్రు

ఏడో తరగతి పిల్లలకు,

హుస్సేన్ సాగర్ చూసొచ్చి మీరంతా కలిసి రాసిన ఉత్తరం అందింది. బుద్ధుడి విగ్రహం గురించి రెండు వాక్యాలు, చిన్న తెల్ల తెరచాప పడవల గురించి పేజీన్నర రాశారు. కింద ఎవరో పెన్సిల్‌తో రాసిన ప్రశ్న: "తాతా, గాలి ఎదురుంగ కొడుతుంటే ఆ పడవ గాలి దిక్కుకే ఎట్ల పోతది? ఎనకకు కొట్టుకపోవాలె గద?" పక్కవాళ్ళు నవ్వారట. నవ్వనియ్యండి. నవ్వినవాళ్ళకు జవాబు తెలిసుంటే చెప్పేవాళ్ళే గదా!

మీకు పైనున్న తెరచాప ఒక్కటే కనిపించింది. అసలు పని నీళ్ళ కింద జరుగుతుంది.

అరక కట్టి దున్నడం చూశారా? ట్రాక్టర్లు వచ్చాక చూడని పిల్లలే ఎక్కువ, ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఎడ్లు కాడిని లాగుతాయి. అవి ఒకింత పక్కకు గుంజినా, నేలలో దిగిన కర్రు సాలు విడిచి పక్కకు జరగదు, ముందుకే నడుస్తుంది. మేడి పట్టినాయన కాస్త ఒత్తితే అటు తిరుగుతుంది. పడవలోనూ ఇదే ఏర్పాటు. గాలి ఎడ్లు, తెరచాప కాడి, చుక్కాని మేడి. తెరచాపను బిగించే, వదిలే తాళ్ళు పగ్గాలు. ఇక కర్రు అంటారా, పడవ అడుగు నుంచి నీళ్ళలోకి దిగి ఉండే బల్లలాంటి రెక్క. దాన్ని కీల్ అంటారు. ముందుకైతే నీళ్ళను సులువుగా కోసుకుంటూ పోతుంది. అడ్డంగా తోస్తే మొరాయిస్తుంది. గాలి పడవను ఏటవాలుగా తోస్తే కీల్ పక్కకు పోనివ్వదు, కాబట్టి పడవ ముందుకే జారుతుంది.

గాలి ముఖంలోకి సూటిగా మాత్రం ఏ తెరచాప పడవా పోలేదు. దాదాపు 45 డిగ్రీలు పక్కకు పెట్టి కొంత దూరం, మళ్ళీ రెండో పక్కకు అంతే తిప్పి కొంత దూరం నడపాలి, గుట్ట మీదికి బండిబాట వంకలు తిరిగినట్టు. అలా పోతే కిలోమీటరు దూరానికి దాదాపు 1.4 కిలోమీటర్లు నడుస్తుంది.

సోమశిల రేవులో, నాగార్జున సాగర్ అంచున జాలర్ల పుట్టి ఉంటుంది. వెదురు తట్ట అల్లి, వెనకటికి తోలు, ఇప్పుడు పట్టా చుట్టి డాంబరు పూస్తారు. దానికి కర్రు లేదు, మోకాలి లోతు నీళ్ళు చాలు. రాళ్ళ ఒడ్డుకు అంతకన్నా తెలివైన పడవ లేదు. కానీ తెరచాప కట్టి చూడండి, గాలి ఎటు తోస్తే అటు గిరగిరా తిరుగుతూ పోతుంది.

మీరు చూసిన డబ్బాలాంటి పడవ ఆప్టిమిస్ట్ అయి ఉంటుంది. పిల్లల కోసమే 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ గీసిన పడవ. పొడవు 2.3 మీటర్లు, ఒట్టి పడవ బరువు 35 కిలోలు. దాని కర్రు ఒక చెక్క బల్ల, పైనుంచి దింపి మళ్ళీ పైకి లాగేయొచ్చు. పడవ ఒరిగితే నడిపే పిల్లవాడే రెండో అంచు మీదికి వెళ్ళి వెనక్కి వాలాలి. చెరువుకు అది సరిపోతుంది. పడవలోనే వండుకుని, పడుకుని, రాత్రిపూట కూడా సముద్రం మీద పోవాలంటే మనిషి ఎంతసేపని వాలి కూర్చుంటాడు?

అలాంటి పడవల్లో నాకు నచ్చింది ఫోక్‌బోట్, అంటే జనం పడవ. స్వీడన్‌లో పడవ నమూనాలు గీసే పోటీ పెడితే ఏ ఒక్కటీ పూర్తిగా నచ్చలేదు. బాగున్నవాటిలోని మంచిని తీసుకుని ఒక్కటిగా గీయమని టోర్డ్ సుండేన్ అనే ఆయనకు అప్పగించారు. 1942లో మొదటి పడవ తయారైంది. పొడవు 7.68 మీటర్లు, నీటిని తాకే చోట 6 మీటర్లు. వెడల్పు 2.20, నీళ్ళలోకి దిగే లోతు 1.20. తెరచాపలు 24 చదరపు మీటర్లు, అంటే నాలుగు పోచంపల్లి చీరలు పరిచినంత. మొత్తం బరువు 1930 కిలోలు. అందులో సుమారు 1000 కిలోలు కీల్ అడుగున ఉన్న ఇనుమే! మిర్యాలగూడ మిల్లు నుంచి 25 కిలోల బియ్యం సంచులు నలభై తెచ్చి అడుగున కట్టినట్టు.

ఇక్కడ నా నాగలి మొరాయిస్తోంది. నాగలికి పక్కకు పడిపోయే భయం లేదు గదా. అయినా వదలను, గుంటక పట్టుకొస్తాను. మా చిన్నప్పుడు గట్టి నేలలో గుంటక దిగకపోతే దాని మీద రాయి పెట్టేవాళ్ళు. రాయి లేకపోతే పిల్లగాళ్ళనే కూర్చోబెట్టేవాళ్ళు. దుమ్ము తింటూ, పళ్ళు కొట్టుకుంటుంటే అదే మాకు రంగులరాట్నం. అక్కడి రాయి కిందికి దిగడానికి, ఇక్కడి ఇనుము పడవను లేపడానికి. గాలి తెరచాపను ఎంత వంచితే అడుగు బరువు అంత పక్కకు వస్తుంది, అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. ఇరవై డిగ్రీలు ఒరిగి నడవడం ఈ పడవకు మామూలు. కొత్తవాళ్ళు గిన్నెలు పట్టుకుని అరుస్తారు, పడవ తన పని తాను చేసుకుంటుంది.

అయితే గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలు. అందుకే గాలి పెరుగుతుంటే తెరచాపను కిందినుంచి మడిచి కట్టి చిన్నది చేస్తారు. ఆలస్యమైతే తడిసిన గుడ్డ చేతికి లొంగదు. మడవాలేమో అన్న అనుమానం వచ్చినప్పుడే మడవాలి.

మీలో మగ్గం ఉన్న ఇళ్ళ పిల్లలకు ఒక ముక్క. గుడ్డను పడుగు వెంట లాగినా, పేక వెంట లాగినా సాగదు. మూల నుంచి మూలకు లాగితే సాగుతుంది. తెరచాప వెనక అంచు మీద బిగువు ఎక్కువ కాబట్టి ముక్కలను అడ్డంగా పేర్చి, పేక ఆ అంచు వెంట వచ్చేట్టు కుడతారు. తప్పు కుడితే తెరచాప సంచిలా పొట్ట దించుకుంటుంది, పడవ గాలికి ఎదురు పోదు. వెనకటి నూలు గుడ్డ వాడగా వాడగా సాగేది, తడిగా ఉంటే కుళ్ళేది. ఇప్పుడు పాలిస్టర్.

వేగం ఎంతని అడుగుతారు, నాకు తెలుసు. పడవ నడుస్తుంటే ముక్కు దగ్గర ఒక అల, వెనక ఒక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ వాటి మధ్య దూరం పెరిగి, పడవ పొడవంత అయ్యాక పడవ తన అలనే ఎక్కాల్సి వస్తుంది. 6 మీటర్ల నీటి పొడవుకు అది గంటకు 11 కిలోమీటర్లు. అంటే మీ సైకిలే నయం. కానీ రాత్రీ పగలూ ఆగదు.

చెడిపోయేవి కూడా చెప్పాలి. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలు మధ్యలో అరుదుగా తెగుతాయి. కొసన బిగించిన చోట, తీగ బయటికి వచ్చే దగ్గర ఒక్కో పోగు విరుగుతుంది. కంటికి కనిపించదు, వేలితో తడిమితే కోసేస్తుంది. దూది రాయాలి. విరిగిన పోగుంటే దూది అక్కడ చిక్కుకుంటుంది. ఒక్క పోగు విరిగినా ఆ తీగ మార్చాల్సిందే.

ఇంకోటి, పడవ అడుగున నీళ్ళు తీసుకోవడానికి, వదలడానికి పెట్టే రంధ్రాలు. నీటి మట్టానికి రెండడుగుల కింద అంగుళంన్నర రంధ్రానికి గొట్టం ఊడిపోతే నిమిషానికి దాదాపు 140 లీటర్లు లోపలికి వస్తాయి, తొమ్మిది బిందెలు! అందుకే ప్రతి రంధ్రానికీ ఒక వాల్వు, దాని పక్కనే సరిపడా చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచుతారు. పెట్టెలో దాస్తే చీకట్లో నీళ్ళలో వెతుక్కోవాలి.

ఇలాంటి జాగ్రత్తలతోనే మన నౌకాదళం వాళ్ళు ఆరుగురు మహిళలు 2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి, 17 మీటర్ల తారిణి అనే తెరచాప పడవ మీద భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్ళలో ఐశ్వర్య బొడ్డపాటి మన హైదరాబాద్ అమ్మాయే.

తెరచాపకు రెండు పక్కలా గాలి జారుతూ అంత బలంగా ఎలా గుంజుతుందో నేను ఎంత రాసినా కాగితం మీద గాలి వీచదు. మీరే చేసి చూడండి. థర్మోకోల్ ముక్క 30 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, ముందు కొస మొనగా కోయండి. ముందునుంచి మూడో వంతు దగ్గర వెదురు పుల్ల గుచ్చి, పాల సంచితో మూడు మూలల తెరచాప కట్టండి. వెనక చిన్న అట్టముక్క చుక్కాని. ఇంటి సిమెంటు తొట్టిలో వేసి (చెరువు, కాలువ వద్దు) పక్కనుంచి టేబుల్ ఫ్యాను పెట్టండి. అడ్డంగా జారి గోడకు తగులుతుంది. ఇప్పుడు అడుగున మధ్యగా చీలిక పెట్టి 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు నిలువుగా దించి, కింది కొసకు రెండు బోల్టులు దారంతో కట్టండి. ముక్కు ఫ్యాను వైపు తిరిగిపోతుంటే స్కేలు ఒక వేలెడు వెనక్కి జరపండి, ఫ్యానుకు దూరంగా తిరిగిపోతుంటే ముందుకు. సరిగ్గా కుదిరిన చోట పడవ ఒక్క క్షణం ఒరిగి, ఆగి, కదులుతుంది. అప్పుడు తెరచాపను చూడకండి. తల వంచి నీళ్ళలో స్కేలు ఎటు పోతోందో చూడండి.

మీ తాత