షేకర్‌లో కరిగే 40 గ్రాములు

ఇంట్లో కాక్‌టెయిల్ కలిపే అలవాటున్న ఒక పాఠకుడు ఈమధ్య ఒక ఫిర్యాదు లాంటి ప్రశ్న పంపారు. మంచి బార్‌లో తాగిన డైకిరీ అనే రమ్, నిమ్మరసం, చక్కెర పాకాల కాక్‌టెయిల్‌ను అవే సీసాలతో, అవే కొలతలతో, అదే ఆకారపు పొడుగు కాడ గ్లాసులో ఇంట్లో తయారు చేశారట. ఐసు కరిగి పానీయం పలుచబడకూడదని షేకర్ అనే మూత పాత్రలో నాలుగే ముక్కలు వేసి, రెండుసార్లు ఊపి, వెంటనే వడకట్టారట. అంత జాగ్రత్త పడినా గొంతు మండిందనీ, తీపి నాలుకకు అంటుకున్నట్లు ఉందనీ ఆయన బాధ. లోపం ఆ జాగ్రత్తలోనే ఉంది. ఆయన రానివ్వకుండా అడ్డుకున్న నీరు ఆ పానీయంలో ఒక ముఖ్యమైన దినుసు.

ఇది ఇప్పుడు కొత్తగా తేలిన సంగతి కాదు. 1806 మే 13న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, హడ్సన్ పట్టణంలో వెలువడిన ఒక వారపత్రిక, కాక్‌టెయిల్ అంటే ఏమిటని అడిగిన పాఠకుడికి జవాబిస్తూ, ఏదో ఒక మద్యం, చక్కెర, నీరు, బిటర్స్ అనే చేదు సారం కలిసినదని వివరించింది. నాలుగింటిలో నీరు ఒకటి. ఐసు ప్రస్తావన మాత్రం లేదు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి బోస్టన్ నుంచి మార్టినిక్ దీవికి ఓడలో ఐసు పంపి జనం చేత నవ్వించుకున్నది కూడా ఆ ఏడాదే. తరువాతి కాలంలో ఐసు అందరికీ అందుబాటులోకి వచ్చాక, నీటిని విడిగా పోయవలసిన పని తప్పి, అది ఐసు రూపంలోనే షేకర్‌లోకి రావడం మొదలైంది.

ఎంత నీరు వస్తుందో లెక్క కట్టి చూద్దాం. 60 మిల్లీలీటర్ల రమ్, 15 మిల్లీలీటర్ల నిమ్మరసం, 15 మిల్లీలీటర్ల చక్కెర పాకం కలిపితే దాదాపు 90 గ్రాములు. ఈ మిశ్రమం ఒక్కో గ్రాము ఒక్కో డిగ్రీ చల్లబడడానికి సుమారు 4 జౌళ్ల వేడిని వదిలించుకోవాలి. 25 డిగ్రీల నుంచి మైనస్ 5 డిగ్రీలకు దిగాలంటే 90ని 30తో, ఆపైన 4తో గుణించాలి. 10,800 జౌళ్లు వస్తాయి. షేకర్‌లో ఉన్న మిగతా ఐసు కూడా సున్నా నుంచి మైనస్ 5కు దిగాలి కాబట్టి దాని వాటా కలిపితే మొత్తం 12,000 దాటుతుంది. ఈ వేడినంతా మింగేది ఐసు కరగడమే: సున్నా డిగ్రీల వద్ద ఒక గ్రాము ఐసు నీరుగా మారడానికి 334 జౌళ్లు తీసుకుంటుంది. భాగించి చూస్తే దాదాపు 40 గ్రాముల ఐసు కరగక తప్పదు. అంటే 90 గ్రాముల మిశ్రమం 130 గ్రాములవుతుంది, 18 శాతం చుట్టూ ఆల్కహాల్ ఉంటుంది. మన పాఠకుడి షేకర్‌లో ఒక 12 గ్రాములు కరిగి ఉంటే పానీయం 12 డిగ్రీల దగ్గరే ఆగిపోయి, ఆల్కహాల్ 23 శాతానికి పైన నిలిచి ఉంటుంది. చల్లదనమూ నీరూ రెండు వేర్వేరు ఫలితాలు కావు. ఒకే సంఘటనను ఒకసారి ఉష్ణమాపకంతోనూ ఇంకోసారి కొలగ్లాసుతోనూ చూడడమే.

వేడెక్కకుండానే కరగడానికి ఐసు ఇలా మింగే వేడిని గుప్తోష్ణమంటారు. ఈ సంగతిని 1760ల తొలినాళ్లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో నిరూపించాడు. బడిలో మనకు దీనిని గ్రాముకు 80 కేలరీలు అన్న ఒక అంకెగా బట్టీ పట్టించి, రెండు లెక్కలు చేయించి వదిలేస్తారు. ఒక షేకర్, కొంత నిమ్మరసం, ఒక త్రాసు తరగతిలోకి తెస్తే ఆ అంకె జీవితాంతం గుర్తుంటుందని నా నమ్మకం. అంకె గుర్తుంటే ఖరీదైన పెట్టెల్లో అమ్మే 'కరగని ఐసు' రాళ్లను కొనే ముందు కూడా కాస్త ఆలోచిస్తాం. రాయి విశిష్టోష్ణం, అంటే అది వేడెక్కడానికి తీసుకునే వేడి, గ్రాముకు, డిగ్రీకి ఒక జౌల్‌కు అటూఇటూగా ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి తీసిన 40 గ్రాముల రాయి సున్నాకు చేరేలోపు 720 జౌళ్లు తీసుకుంటుంది. అదే బరువు ఐసు కరిగితే 13,000కు పైగా తీసుకుంటుంది. కరగకపోవడమే ఆ రాయి గొప్పతనమని చెప్పుకుంటారు గానీ అసలు లోపం కూడా అదే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కుముడికి వస్తాను. సున్నా డిగ్రీల ఐసు పానీయాన్ని మైనస్ 5కు ఎలా దించుతుంది? తనకంటే చల్లగా ఎవరినీ చేయలేదు కదా? ఫ్రీజర్‌లోంచి తీసిన ఐసు మైనస్ 18లో ఉంటుంది కాబట్టి అనుకుంటే ఆ జవాబు చాలదు. ఆ 18 డిగ్రీల వల్ల గ్రాముకు కలిసివచ్చేది 38 జౌళ్లే. పైగా కచ్చితంగా సున్నా వద్ద ఉన్న తడి ఐసుతో ఊపినా పానీయం సున్నా కిందికి దిగుతుంది. ఐసు ఉపరితలాన్ని ఒక హాలు తలుపుగా ఊహించండి. హాల్లో అణువులు వరుసగా కూర్చుని ఉన్నాయి. బయట గుంపుగా తిరుగుతున్నాయి. సున్నా వద్ద స్వచ్ఛమైన నీటిలో, ఒక క్షణంలో ఎన్ని అణువులు బయటికి వెళతాయో అన్నే లోపలికి వచ్చి కూర్చుంటాయి. కాబట్టి ఐసు పెరగదు, తరగదు. ఇప్పుడు బయటి గుంపులో ఎథనాల్, అంటే మద్యంలోని ఆల్కహాల్, అణువులు కలిశాయి. వాటికి లోపల కుర్చీ లేదు, నీటి స్ఫటికం వాటిని చేర్చుకోదు. అయినా అవి తలుపు ముందు చోటు ఆక్రమిస్తాయి. లోపలి నుంచి వెళ్లేవారి సంఖ్య మారలేదు గానీ తిరిగి వచ్చే నీటి అణువులు తగ్గాయి. అందువల్ల ఐసు కరుగుతూనే ఉంటుంది. బయటికి వచ్చే ప్రతి అణువూ బంధాలు తెంచుకోవడానికి వేడిని తీసుకుంటుంది. బయటి నుంచి వేడి రాకపోతే అది పానీయం నుంచీ, ఐసు నుంచీ రావలసిందే. కాబట్టి రెండూ కలిసి సున్నా కిందికి దిగుతాయి. చల్లబడేకొద్దీ లోపలివారు బయటికి వెళ్లడం మందగించి, ఒకచోట రాకపోకలు మళ్లీ సమానమవుతాయి. మన డైకిరీకి ఆ చోటు సిద్ధాంతరీత్యా మైనస్ 8 దగ్గర. చేత్తో ఊపినప్పుడు మైనస్ 5కూ 7కూ మధ్య ఆగుతుంది.

తలుపు దగ్గర ముఖ్యమైనది అడ్డు నిలిచే అణువుల సంఖ్య, వాటి బరువు కాదు. ఎథనాల్ అణుభారం 46, చక్కెరది 342; గ్రాముకు గ్రాము పోల్చితే ఎథనాల్ ఏడు రెట్లకు పైగా అణువులను నిలబెడుతుంది. ఆల్కహాల్ లేని పానీయాన్ని ఎంత ఊపినా మైనస్ ఒకటి దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే.

దీన్నిబట్టి షేకర్‌ను ఐసుతో నిండుగా నింపాలని తేలుతుంది. ఐసు కొద్దిగా వేస్తే అది మొత్తం కరిగిపోయి, తలుపూ హాలూ రెండూ మాయమై, పలుచనైన గోరువెచ్చని నీళ్లు మిగులుతాయి. గట్టిగా ఊపితే 12 నుంచి 15 సెకన్లలో పని దాదాపు పూర్తవుతుంది. సమతాస్థితి దగ్గరపడ్డాక ఇంకా ఊపినా పెద్ద మార్పు ఉండదు, చేతులు నొప్పి పుట్టడం తప్ప. ఉపరితలాన నీరు నిలిచిన ఐసును మాత్రం ముందే వడకట్టి వేయాలి, ఎందుకంటే ఆ నీరు చల్లదనాన్నేమీ ఇవ్వకుండానే పానీయాన్ని పలుచన చేస్తుంది. ఊపితే జిన్ అనే మద్యం 'గాయపడుతుంద'నే మాట మూఢనమ్మకమే. ఊపినప్పుడు చేరేవి గాలి బుడగలూ కొంచెం ఎక్కువ నీరూ మాత్రమే.

గొంతు మంట సంగతి చెప్పాలి. మిరపకాయ మంటనూ, ఒంటికి తగిలే వేడినీ పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది. ఎథనాల్ సమక్షంలో ఆ హద్దు 34 డిగ్రీలకు పడిపోతుంది, అంటే నోటి వేడే దానికి మంటగా తోస్తుంది. పానీయం చల్లగా, పలుచగా ఉంటే ఆ గ్రాహకం అంతగా రెచ్చిపోదు. తీపి కూడా చల్లదనంలో మందగిస్తుంది. మైనస్ 5 కోసం లెక్కకట్టిన పాకం 12 డిగ్రీల దగ్గర వెగటు పుట్టించడంలో వింత లేదు.

పానీయాన్ని హంగుగా అందించడం గురించి అడిగేవారికి నేను మొదట చెప్పేది గ్లాసును చల్లబరచమనే. 150 గ్రాముల గాజు గ్లాసు 25 డిగ్రీలలో ఉండగా మైనస్ 5 డిగ్రీల పానీయం 130 గ్రాములు పోస్తే, వేడి అంతా పంచుకున్నాక రెండూ ఒక డిగ్రీ దగ్గర స్థిరపడతాయి: 15 సెకన్ల శ్రమలో చివరి ఆరు డిగ్రీలను గాజు మింగేసింది. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలలో ఉంచిన గ్లాసైతే పానీయం మైనస్ 3 దగ్గర నిలుస్తుంది. సన్నని గాజు గ్లాసులకు పేరు రావడానికి అందం ఒక్కటే కారణం కాదు, వాటిలో వేడిని దాచుకునే గాజు తక్కువ.

అద్దంలాంటి ఐసు కోసం నీటిని రెండుసార్లు మరిగించాలనే మాట చాలామంది నమ్ముతారు. మరిగిస్తే గాలి పోతుంది, చల్లారేటప్పుడు మళ్లీ చేరుతుంది. మామూలు అచ్చులో చలి అన్ని వైపుల నుంచీ రావడంతో, పెరుగుతున్న స్ఫటికం నెట్టివేసిన గాలీ లవణాలూ నడిమధ్యన చిక్కి తెల్లబడతాయి. మూత తీసిన చిన్న థర్మాకోల్ పెట్టెలో నీరు పోసి ఫ్రీజర్‌లో ఉంచితే చలి పైనుంచే దిగి, మలినాలు అడుగుకు చేరతాయి. అడుగు భాగం గడ్డకట్టకముందే తీసి కోసుకోవాలి. ఆ దిమ్మ మామూలు ఐసు కంటే ఎక్కువ చల్లగా ఏమీ ఉండదు, కంటికి మాత్రం విందు. పెద్ద ముక్కగా కోస్తే మరొక లాభం ఉంది: 5 సెంటీమీటర్ల ఘనానికి ఉపరితలం 150 చదరపు సెంటీమీటర్లు, దానినే ఎనిమిది చిన్న ఘనాలుగా చేస్తే 300, కాబట్టి పెద్ద ముక్క నెమ్మదిగా కరుగుతుంది.

ఐసు లేకుండానే మార్టినీ చేయదలచినవారు 60 మిల్లీలీటర్ల జిన్‌కు 15 వెర్మూత్ (మూలికలు కలిపిన వైన్), 25 నీరు చొప్పున సీసాలో కలిపి ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. ఇక్కడ నీటిని మనమే కొలిచి పోయాలి. అలా కలిపినదానిలో ఆల్కహాల్ 27 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి రాత్రంతా ఉంచితే గడ్డకట్టడం మొదలవుతుంది. అప్పుడప్పుడు తీసి వెలుగులో చూడాలి. మొదటి మంచు పలుకులు తేలాయంటే, ఉష్ణమాపకం అవసరం లేకుండానే, సీసా మైనస్ 13 డిగ్రీల దగ్గరికి వచ్చిందని తెలిసిపోతుంది.