లాన్‌లో లేచిన చిల్లకంప ఎక్కడిది?

నెల్లూరు, ఒంగోలు శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ల నోట ఈ మధ్య ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తోంది. ఇంటి ముందు జాగాలో ఎర్రమట్టి తోలిస్తారు. నర్సరీ నుంచి పలకలుగా తెచ్చిన గడ్డి పరిపిస్తారు. కొన్నాళ్లు అంతా పచ్చగా కళకళలాడుతుంది. ఆ తర్వాత గడ్డి మధ్యలో నుంచి సన్నటి మోసు ఒకటి పైకి లేస్తుంది. ఆకు చూస్తే చింతాకులా ఉంటుంది కాబట్టి, ఎవరో చింతగింజ విసిరారులే అనుకుంటారు. దగ్గరకెళ్లి చూస్తే కొమ్మ కణుపు కణుపుకీ కాస్త వంకర తిరిగి, ఒక్కో కణుపు దగ్గర జంట ముళ్లు సూదుల్లా కనిపిస్తాయి. కత్తెరతో తుంచేస్తే పది రోజుల్లో అదే చోట నాలుగు మోసులు వస్తాయి. పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకుంటారని వేయించిన లాన్‌లోకి చెప్పుల్లేకుండా దిగలేని పరిస్థితి వస్తుంది.

పల్లె నుంచి వచ్చిన పనిమనిషికి చూపిస్తే క్షణంలో తేల్చేస్తుంది: "ఇది చిల్లకంప కదమ్మా!" సర్కారు తుమ్మ అన్నా, ఇంగ్లీషు తుమ్మ అన్నా ఇదే. శాస్త్రవేత్తలు ప్రోసోపిస్ జూలిఫ్లోరా అంటారు. దసరాకి పూజించే మన జమ్మిచెట్టుకు దూరపు చుట్టం. పుట్టిల్లు మాత్రం మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. ఇంటాయన దీన్ని ఎక్కడి నుంచో వచ్చిపడిన కొత్త కలుపు అనుకుంటాడు గానీ, చాలా చోట్ల లాన్ కంటే, ఇంటి కంటే, వెంచర్ కంటే అదే ముందు నుంచి ఉంది.

అంత దూరం నుంచి అది మన నేలకు ఎలా వచ్చిందో తెలియాలంటే 1870ల దాకా వెళ్లాలి. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీకి కట్టెల కరువు పట్టుకుంది. ఒకపక్క పొయ్యిలకు, మరోపక్క రైళ్లకు కట్టెలు కావాలి. శ్రీహరికోట అడవుల నుంచి కాలువ మీద పడవల్లో కట్టెలు మద్రాసుకు వెళ్లేవి. సరిగ్గా అప్పుడే, 1876-78లో, మనవాళ్లు ధాత కరువుగా చెప్పుకునే మహా కరువు వచ్చింది. వానల్లేని నేలలో కూడా బతికి, తొందరగా ఎదిగి, కట్టెలిచ్చే చెట్టు ఎక్కడుందా అని అటవీ అధికారులు వెతకడం మొదలుపెట్టారు. ఆ వెతుకులాటలో ఉన్నవాడే రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. ఆయన అటవీ అధికారే కాదు, దక్షిణ భారతదేశపు చెట్ల మీద, ఫెర్న్‌ల మీద పెద్ద పుస్తకాలు రాసిన వృక్షశాస్త్రజ్ఞుడు కూడా. ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని 1876లో ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇంత పెద్ద వృక్షశాస్త్రజ్ఞుడే తెప్పించాడంటే ఇది తెలియనితనంతో చేసిన పని అనలేం. ఆ రోజున అడిగిన ప్రశ్నకు ఇది సరైన జవాబే. దాన్ని ఎక్కడ ఆపాలన్న ప్రశ్న మాత్రం అప్పుడు ఎవరూ అడిగినట్టు లేదు.

కమలాపురం దగ్గర పాపఘ్ని వచ్చి పెన్నలో కలుస్తుంది. ఆ పెన్నే సోమశిల మీదుగా నెల్లూరు పక్కనుంచి సముద్రానికి వెళుతుంది. ఈ కాయలు నీళ్ల మీద తేలి పోతాయి కాబట్టి ఏరు కూడా కొంత మోసి ఉండవచ్చు. కానీ అసలు పని చేసింది పశువులు.

ఈ చెట్టు తెలివంతా కాయలోనే ఉంది. ఆకు చేదు, వగరు. మేక కూడా గతిలేకపోతే తప్ప ముట్టదు. కాయ అలా కాదు. జానెడు లోపు పొడవుండే పసుపు కాయ, విరిచి నాకితే తియ్యగా ఉంటుంది. మిగతా మేతంతా మాడిపోయే ఎండాకాలంలో ఇది చెట్టు కింద రాలి ఉంటుంది. ఆకు తినకపోవడంతో చెట్టు బతికింది, కాయ తినడంతో ఊరూరా పాకింది. లోపలి గింజకు పెంకులాంటి గట్టి తొడుగు ఉంటుంది. పశువు కడుపులో అది మెత్తబడుతుంది, పేడతో బయటపడ్డాక వాన తగిలితే మొలుస్తుంది. గొర్రె, మేక కొన్ని గింజలను నమిలేసినా, మిగిలినవి పెంటికలో భద్రంగా దిగుతాయి. నెల్లూరు గొర్రె అంటే దేశంలోనే ఎత్తైన జాతి. జొడిపి, పల్ల, దొర అని మూడు రకాలుగా మన మెట్టల్లో మందలు మందలుగా తిరుగుతుంది. ఆ మందల్ని రాత్రిళ్లు పొలంలో కట్టించుకుని ఎరువు చేసుకోవడం ఇక్కడి రైతుల పాత అలవాటు. ఒంగోలు పశువుల సంగతి వేరే చెప్పాలా? చెరువు పొరంబోకులు, కాలవ గట్లు, ఉప్పు పట్టిన తీర భూములు, కనిగిరి, పొదిలి వైపు ఎండిన మెట్టలు ఇలా ఒక్కొక్కటే కంప కిందికి వెళ్లిపోయాయి.

ప్రభుత్వాలు కూడా దీన్ని ముద్దు చేశాయి. జోధ్‌పూర్ సంస్థానం 1940లో దీన్ని రాచచెట్టుగా ప్రకటించింది. గుజరాత్‌లో కచ్ రణ్ అనే ఉప్పు ఎడారి ముందుకు రాకుండా 1961లో బన్నీ గడ్డిభూముల అంచున నాటారు. ఉప్పు సంగతేమో గానీ గడ్డిభూమిలో చాలా భాగాన్ని ఈ కంపే మింగేసింది. తమిళనాడులో దీన్ని తొలగించాలన్న వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. 2022లో ఆ రాష్ట్రం ఇలాంటి చొరబాటు మొక్కల మీద ప్రత్యేక విధానమే తెచ్చింది.

మన దగ్గర దీన్ని ఒక్కమాటలో శత్రువు అనేయడం కష్టం. గ్యాస్ రాని రోజుల్లో పల్లె పొయ్యిలన్నీ దీంతోనే వెలిగాయి. ఇప్పటికీ బొగ్గు బట్టీలకు, బయోమాస్ కరెంటు ప్లాంట్లకు ఇదే ముడిసరుకు. కంప కొట్టేది, బొగ్గు కాల్చేది ఎక్కువగా యానాది కుటుంబాలు. కట్టెలు పేర్చి, పైన ఆకు కప్పి, మట్టి మెత్తి, గాలి ఎంత ఆడాలో చూసుకుంటూ రోజుల తరబడి కాపలా కాయాలి. తీసుకున్న అడ్వాన్సు తీరక ఆ బట్టీల దగ్గరే ఉండిపోయే కుటుంబాల కష్టం పాతదే. చెట్టు మీద జరిగే చర్చల్లో వాళ్ల మాట పెద్దగా వినిపించదు.

లాన్‌కు సంబంధించిన కిటుకు కూడా ఈ కట్టెలు కొట్టడంలోనే ఉంది. కొట్టేవాళ్లు మొదలు వదిలేసి పైన నరుకుతారు, ఎందుకంటే కొన్నేళ్లకు మళ్లీ కొట్టుకోవాలి. వెంచర్ వేసేవాళ్లు డోజర్‌తో నేల మట్టానికి గీకి, పైన గ్రావెల్ తోలి చదును చేస్తారు. లాన్ మిషన్ అయితే ఇంకాస్త పైన కోస్తుంది. ముగ్గురూ చేసేది ఒకటే పని. కాండం, వేరు కలిసే చోట, మట్టిలో కాస్త లోతున నిద్రపోతున్న మొగ్గలుంటాయి. పైన తెగిన ప్రతిసారీ అవి లేస్తాయి. వారం వారం కోస్తూ పోతే చెట్టు ఎత్తు పెరగదు గానీ, కింద దుబ్బు లావెక్కి, ముళ్ల కొమ్మలు గడ్డిలోనే పడుకుని పాకుతాయి.

మొదట్లో ఉప్పు పోద్దామని చాలామందికి తోస్తుంది. ఉప్పు నేలల్లో హాయిగా పెరిగే చెట్టుకు అది ఏ మూలకి? ముందు పోయేది గడ్డే. కిరోసిన్, డీజిల్ పోస్తే ఆ మట్టి పాడైపోతుంది, అక్కడ చాలాకాలం గడ్డి పట్టదు. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కూడా గడ్డిని వదలదు. వరి కలుపుకు కొట్టే 2,4-డి ఆకును వాడ్చినా ముదురు దుబ్బును చంపదు. పైగా పక్కింట్లో టమాటా, మిరప మొక్కలుంటే దాని తుంపర వాటి మీద పడి గొడవలొస్తాయి.

మిగిలింది గడ్డపారే. బాగా వాన పడి నేల నానినప్పుడు మోసు చుట్టూ గడ్డిని పలకలా కోసి పక్కన పెట్టాలి. దుబ్బు కనబడేదాకా తవ్వి, జానెడు పైగా లోతుకు వెళ్లి వేరును అక్కడ నరికి, మొదలంతా బయటికి తీసేయాలి. కింద మిగిలిన వేరు నుంచి సాధారణంగా మళ్లీ రాదు. తర్వాత మట్టి పూడ్చి, గడ్డి పలకను యథాస్థానంలో పరిచేయవచ్చు. గింజ నుంచి వచ్చిన మొలకైతే ఇంత శ్రమ అక్కర్లేదు. రెండు గుండ్రటి ఆకులతో ఉన్నప్పుడే పట్టి లాగితే వేరుతో వచ్చేస్తుంది. ఆలస్యం చేస్తే తల్లివేరు గబగబా కిందికి దిగిపోతుంది.

అలాంటి మొలకలు గుంపుగా వస్తే అనుమానించాల్సింది ఎరువును. గొర్రె ఎరువు, చెరువు మట్టి ట్రాక్టరు నుంచి దించగానే గడ్డి మీద చల్లకూడదు. కుప్ప పోసి తడుపుతూ ఉంచి, మొలిచినవి పీకేస్తూ తిరగేసి, బాగా మాగాక వాడుకోవాలి.

ప్లాటు కొనేటప్పుడు ముఖం ఎటు, రోడ్డు ఎన్ని అడుగులు అని వంద ప్రశ్నలు వేస్తాం. అక్కడ కంపను వేళ్లతో తీశారా, డోజర్‌తో గీకారా అని కూడా అడగాలి. గీకిందే అయితే ఒక వర్షాకాలం ఆగి, లేచిన మోసులన్నీ తవ్వించాక గడ్డి పరిపించుకుంటే ఖర్చు ఒకసారితో పోతుంది.