గిటార్ నెక్‌కు పూత: అపోహలు, వాస్తవాలు

అపోహ: నెక్ మీద, అంటే వాయించేటప్పుడు చేత్తో పట్టుకునే పొడవాటి చెక్క భాగం మీద, చిన్న గీతలు ఉన్నా ఫరవాలేదు, వార్నిష్ వేస్తే కప్పుకుపోతాయి.

వాస్తవం: కప్పుకుపోవు, పైగా బయటపడతాయి. పొడి చెక్క మీద కంటికి ఆనని గీత, తొలి పూత తగలగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే నా సమయంలో ఎక్కువ భాగం పూతకు ముందే ఖర్చవుతుంది. 120 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 180, 220 దాటి 320 దాకా వెళ్తాను, ఎప్పుడూ చెక్క పోగుల వెంటే రుద్దుతాను. తర్వాత తడిగుడ్డతో నెక్ అంతా తుడుస్తాను. ఆరేసరికి నున్నగా ఉన్న చెక్క రెండు రోజుల గడ్డంలా గరుకెక్కుతుంది. నీరు తగిలి పోగులు లేచాయన్నమాట. వాటిని ఇప్పుడే 320తో తేలిగ్గా తీసేస్తే తర్వాత పెద్దగా ఇబ్బంది పెట్టవు. చివరగా గదిలో దీపం ఆర్పి, టార్చిలైటు ఏటవాలుగా పట్టి చూడండి. నెక్ బాడీని కలిసే వంపులో ఒక గీతో, ఎండిన జిగురు మరకో దాక్కుని ఉంటుంది. జిగురున్న చోట చెక్క రంగు పీల్చుకోదు, అక్కడ పాలిపోయిన మచ్చ మిగులుతుంది.

అపోహ: పూత ఎంత మందంగా ఉంటే అంత రక్షణ.

వాస్తవం: మందపు పూత కారుతుంది, పైన ఆరినా లోపల మెత్తగానే ఉంటుంది. ట్యూనర్లు, అంటే తీగలు బిగించే మరలు, కూర్చునే రంధ్రాలూ ఇరుకవుతాయి. ఒకసారి బుష్‌ను (ఆ రంధ్రంలో దిగే చిన్న లోహపు గొట్టాన్ని) బలవంతంగా దిగ్గొట్టి హెడ్‌స్టాక్ (ట్యూనర్లు ఉండే నెక్ కొస) పూతను నక్షత్రంలా పగలగొట్టుకున్నాను. ఇప్పుడు ముందే గుండ్రటి ఆకురాయితో రంధ్రం అంచు శుభ్రం చేస్తాను.

అపోహ: వేలికి అంటుకోవడం లేదంటే ఆరిపోయినట్టే.

వాస్తవం: ఆరడం వేరు, గట్టిపడటం వేరు. గిటార్లకు వేసే నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పూత త్వరగానే ఆరినట్టు ఉంటుంది కానీ, లోపలి ద్రావకం పూర్తిగా బయటికి పోవడానికి వారాలు పడుతుంది. తొందరపడి మెరుగుపెడితే పూత తర్వాత కుంగి, మహాగనిలాంటి కలపలో రంధ్రాల గుర్తులు తేలతాయి. నేను ముక్కును నమ్ముతాను. థిన్నర్ వాసన వస్తున్నంత కాలం దాని జోలికి వెళ్లను.

అపోహ: నూనె పూత సహజమైనది, అందులో ప్రమాదమేమీ లేదు.

వాస్తవం: టంగ్ నూనె, అవిసె నూనె చేతికి హాయిగా ఉంటాయి. చెమటను మాత్రం లాకర్ అంతగా ఆపలేవు, అప్పుడప్పుడూ మళ్లీ పూయాలి. అసలు ప్రమాదం తుడిచిన గుడ్డలో ఉంది. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి పోయే దారిలేక తనంతట తానే మండవచ్చు. ఒక్కో గుడ్డనూ విడిగా, ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

అపోహ: పాలియురెథేన్ (ప్లాస్టిక్‌లాంటి గట్టి పూత) వేస్తే చెక్కకు ఊపిరాడదు.

వాస్తవం: కొట్టేసిన చెట్టుకు ఊపిరెక్కడిది? ఏ పూతయినా తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది, అంతే. వాయించేవారి అసలు ఫిర్యాదు వేరు, నిగనిగలాడే నెక్ చెమట చేతికి పట్టేస్తుంది. దానికి పూత మార్చనక్కర్లేదు, నెక్ వెనుక భాగాన్ని 0000 ఉక్కు ఉన్నితో మెరుపు పోయేలా రుద్దితే చాలు. అయితే ఆ పని నెక్‌ను బిగించకముందే, పికప్‌లకు (తీగల కదలికను పట్టే, అయస్కాంతాలున్న భాగాలకు) దూరంగా చేయండి. ఆ ఉక్కు నలుసులు అయస్కాంతానికి అంటుకున్నాయంటే ఒక్కొక్కటీ టేపుతో ఏరుకోవాల్సిందే.